పాత చెప్పు ముక్కతో బొమ్మ కప్ప... కొర్రమేనుకు అదే ఎర!

తొలకరి పడిన రాత్రి మీ ఊరి కుంట గట్టున కాసేపు నిలబడి వినండి. బెకబెకమంటూ చెవులు గింగురుమనేలా కప్పల గోల. ఆ గోల వింటూనే టార్చిలైటు, గోనెసంచి పట్టుకుని బయల్దేరేవాళ్లూ ఉంటారు. తెల్లారేసరికి సంచిలో పదో ఇరవయ్యో కప్పలు. వాటిని బతికుండగానే గాలానికి గుచ్చి తుంగలోనో, తామరాకుల మధ్యనో వదులుతారు. కొర్రమేనుకు కప్పంటే అంత ఇష్టం మరి.

కొర్రమేనును పట్టడం తప్పని ఎవరూ అనరు. ముళ్లు తక్కువ, రుచి ఎక్కువ. బతికున్న చేపకు సంతలో మంచి ధర. తెలంగాణలో దీన్ని రాష్ట్ర చేపగానే ప్రకటించుకున్నారు. పైగా బొచ్చె, శీలావతి పిల్లలు వదులుకున్న కుంటలో కొర్రమేను చేరిందంటే ఇంట్లో దొంగ దూరినట్టే. అయితే ఆ దొంగను పట్టడానికి మనం పొలం కాపలాదారును బలి పెడుతున్నాం. వరి మడిలో రాత్రంతా తిరుగుతూ పురుగుల్ని, మిడతల్ని మింగే జీవి కప్ప. కూలి అడగదు, కూడు అడగదు. తొలకరిలో నీటి ఒడ్డున దొరికేవి గుడ్లు పెట్టడానికి వచ్చినవే. ఆడ బావురుకప్ప ఒక్కటి వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. దాన్ని గాలానికి గుచ్చితే ఆ గుడ్లన్నీ దానితోనే పోయాయి.

ఒకప్పుడు మన దేశం నుంచి కప్ప కాళ్లు టన్నుల లెక్కన విదేశాలకు వెళ్లేవి. కప్పలు తరిగిపోతున్నాయన్న ఆందోళన పెరిగి 1987లో ఆ ఎగుమతిని ప్రభుత్వం నిషేధించింది. దేశం దాటి పోవడం ఆగింది గానీ మన గాలానికి గుచ్చుకోవడం మాత్రం ఆగలేదు.

కొర్రమేను కావాలి, కప్ప బతకాలి. రెండూ కుదిరే దారి ఉంది. తెగిపోయిన హవాయి చెప్పు, యూరియా బస్తా పోగులు, రెండు గాలాలు, సైకిల్ పంక్చర్లు వేసే సొల్యూషన్ ఉంటే చాలు. బొమ్మ కప్ప చేసుకోవచ్చు. చేయడం గంట పని. జిగురు ఆరడానికి మాత్రం ఒక రాత్రి ఓపిక పట్టాలి.

తేనెటీగల రైతు చెక్కిన కప్ప

బొమ్మ ఎరతో చేపను పట్టడం కొత్త సంగతేం కాదు. అమెరికాలో బాస్ అనే మంచినీటి చేప ఉంది. నోరు పెద్దది. చెరువు ఒడ్డున నాచులోనో, మోడు చాటునో కదలకుండా పొంచి ఉండి దగ్గరికొచ్చిన చిన్న చేపనూ, కప్పనూ ఒక్క ఊపున మింగేస్తుంది. అక్కడ మిషిగన్ రాష్ట్రంలోని డొవాజాక్ అనే ఊళ్లో జేమ్స్ హెడన్ అని తేనెటీగల పెంపకంలో పేరు పడ్డ మనిషి ఉండేవాడు. ఆయన ఒకరోజు నీటి ఒడ్డున కూర్చుని చెక్క ముక్క చెక్కుతూ చెక్కుతూ దాన్ని నీళ్లలోకి విసిరితే బాస్ చేప ఎగిరి కొట్టిందనీ, అప్పుడు తట్టిందనీ కథగా చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, 1890లలో ఆయన చెక్కతో కప్పల్ని చెక్కి వాటికి గాలాలు బిగించిన మాట నిజం. ఆ పనే తర్వాత పెద్ద కంపెనీ అయి కూర్చుంది. ఈరోజుకీ అక్కడ బాస్ వేటగాళ్లలో బొమ్మ ఎరలు ఇంట్లోనే చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

బాస్‌కూ మన కొర్రమేనుకూ చుట్టరికం లేదు. కానీ కాపు కాసే పద్ధతి ఒకటే. కొర్రమేను కూడా తరిమి తరిమి వేటాడే రకం కాదు. గుర్రపుడెక్క కింద, తుంగ మొదళ్లలో, గట్టు వాలు నీడలో నిలబడి ఉంటుంది. అందుకే బాస్‌కు పనిచేసిన ఉపాయం దీనికీ పనిచేస్తుంది.

ఇక్కడ ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా సులువు. చేప మన కప్పను పై నుంచి చూడదు, కింద నుంచి చూస్తుంది. దానికి కనిపించేది ఆకాశం వెలుగులో నల్లటి నీడలాంటి ఆకారం, కాస్త పొట్ట భాగం. అంతే. ఇక ఒంటి పక్కల ఉండే సన్నటి గీత ద్వారా నీటి అదురును పసిగడుతుంది. కప్ప గెంతితే నీటిలో పుట్టే అలజడి దానికి పిలుపు లాంటిది. కాబట్టి వీపు మీద ఆకుపచ్చ రంగు పూసి, కళ్లు దిద్ది, చారలు గీసి గంటలు పాడుచేసుకోవద్దు. ఆ షోకంతా మన కంటికే. కదలిక సరిగా ఉంటే నల్ల చెప్పు ముక్కను కూడా కప్ప అనుకునే మింగుతుంది.

ముందు గాలం, తర్వాత కప్ప

చాలామంది చేసే పొరపాటు ముందు అందమైన కప్పను కోసుకుని, తర్వాత దానికి సరిపోయే గాలం కోసం షాపుల చుట్టూ తిరగడం. తలకిందులుగా చేయండి. ముందు గాలాలు కొనండి. కాడ పొడవుగా, రెండు అంగుళాలకు అటూ ఇటుగా ఉండాలి. ముల్లుకూ కాడకూ మధ్య మీ చిటికెన వేలు సులువుగా పట్టాలి. కొత్త గాలమే కదా అని నమ్మొద్దు. ముల్లు కొనను బొటనవేలి గోరు మీద మెల్లగా లాగి చూడండి. గీసుకుని ఆగితే పదును ఉన్నట్టు, జారిపోతే లేనట్టు. జారితే సన్న ఆకురాయితో నాలుగు లాగులు లాగండి.

ఇలాంటివి రెండు తీసుకుని కాడలు వీపు వీపు ఆనేలా పెట్టండి. రెండు ముళ్లూ ఎద్దు కొమ్ముల్లా చెరో పక్కకు తిరిగి ఉండాలి. కాడల చుట్టూ నైలాన్ దారం దగ్గర దగ్గరగా, బిగుతుగా చుట్టి ఫెవిక్విక్ చుక్కలు రెండు వేస్తే జంట గాలం తయారు. తాడు కట్టే కన్నాలు రెండూ ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా రావాలి. షాపులో జంట గాలమే దొరికితే ఈ శ్రమ లేదు.

ఇప్పుడు చెప్పు. అడుగు అట్ట మెత్తగా, నురగలా ఉండే రబ్బరుదై నీళ్లలో తేలేది కావాలి. నొక్కితే గోరు దిగాలి. టైరు రబ్బరు పనికిరాదు. మడమ దగ్గర అరిగి పలచబడి ఉంటుంది కాబట్టి ముందు భాగం నుంచి కోయండి. పొడవు గాలం కాడ కంటే ఒక కందిగింజంత తక్కువ ఉండాలి. అప్పుడే ముందు కన్నం, వెనక వంపు బయటికొస్తాయి. వెడల్పు అంగుళం పైచిలుకు చాలు. కత్తిని నీళ్లలో తడిపి కోస్తే రబ్బరు పీకకుండా తెగుతుంది. ముక్కు వైపు కోసుగా, నడుము దగ్గర బొద్దుగా, వెనక వైపు వీపు పలచగా చెక్కండి. అంచులు గరుకు కాగితంతో రుద్దితే సరిపోతుంది. గుడిలో పెట్టే విగ్రహమేం కాదు, నున్నగా లేకపోయినా నష్టం లేదు.

పొట్ట వైపు ముక్కు నుంచి వెనక దాకా నిలువుగా గాటు పెట్టండి. గాటు సగం మందం దాటకూడదు. లోపల రెండు పక్కలా సొల్యూషన్ పూసి పది నిమిషాలు ఆరనివ్వండి. జిగురు చేతికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు జంట గాలం కాడను గాట్లోకి దించి, గాటు మూసి నొక్కి, పైన దారం చుట్టి వదిలేయండి. తాడు కన్నం ముక్కు దగ్గర బయటికి రావాలి. గాలాల వంపు వెనక నుంచి పైకి తిరిగి, రెండు ముళ్లూ కప్ప వీపు మీద చెరో పక్కన ఆనుకుని పడుకోవాలి. ఈ బొమ్మకు ఆయువుపట్టు అదే. ముళ్లు పైకి, వీపును అంటిపెట్టుకుని ఉన్నాయి కాబట్టే తామరాకుల మీదుగా, గుర్రపుడెక్క మీదుగా లాగినా ఎక్కడా తగులుకోదు. చేప నోరు మూసినప్పుడు మెత్తటి రబ్బరు అణిగి ముళ్లు బయటపడతాయి.

ఇక్కడే నేను మొదటిసారి దెబ్బతిన్నాను. ముళ్లు అసలు కనబడకుండా ఉంటే మంచిదనుకుని వీపులో లోతుగా గాడి తీసి పాతిపెట్టాను. ఒకే పొద్దున మూడుసార్లు చేప కొట్టింది. మూడుసార్లూ ఉత్త కప్పే చేతికొచ్చింది. పంటి గాట్లు పడ్డాయి గానీ ముల్లు గుచ్చుకోలేదు. ముళ్లు వీపును తాకుతూ ఉండాలి, వీపులో దూరకూడదు. చెప్పు రబ్బరు మరీ గట్టిగా ఉంటే వెనక భాగాన్ని ఇంకా పలచగా చెక్కి, ముల్లు కొనలు బియ్యపు గింజ మందాన పైకి లేచేలా చూసుకోండి. నాలుగు ఆకులు ఎక్కువ తగులుకుంటాయి, అంతే. ఉత్త చేతులతో ఇంటికి రావడం కంటే అది నయం.

కాళ్లకు యూరియా బస్తా పోగులు. పాత బస్తా అంచు నుంచి పోగులు లాగి, జానెడు పొడవున ఇరవై దాకా తీసుకోండి. దబ్బనంతో కప్ప వెనక భాగంలో అడ్డంగా కన్నం పొడిచి, ఆ పోగుల్ని ఇటు నుంచి అటు దూర్చితే రెండు పక్కలా సమానంగా కాళ్లు వస్తాయి. మొదట్లో దారంతో ముడి వేసి, కొసల్ని గోటితో చీల్చండి. ఎంత సన్నగా చీలితే అంత మంచిది. మనం లాగడం ఆపాక కూడా ఆ పోగులు నీళ్లలో మెల్లగా విచ్చుకుంటూ ఉంటాయి. చేప ఎక్కువగా కొట్టేది అప్పుడే. సైకిల్ ట్యూబును సన్న పేలికలుగా కోసి కూడా కాళ్లు పెట్టవచ్చు. నాకైతే బస్తా పోగులే నచ్చాయి. తేలిక, పైగా కుళ్లవు.

బక్కెట్లో వేసి చూడండి

మరునాడు పొద్దున జిగురు ఆరాక బక్కెట్టు నీళ్లలో వేయండి. వీపు పైకి, పొట్ట కిందికి, వెనక భాగం కాస్త కిందికి వాలి తేలాలి. నీళ్లలో కూర్చున్న కప్పను చూశారుగా, అచ్చం అలా. పక్కకు ఒరిగినా, బోర్లా పడ్డా పొట్ట కింద వెనక వైపు చిన్న ఇనుప నట్టు ఒకటి రాగి తీగతో కట్టండి. బరువు కింద పడి కుదురుకుంటుంది. విసరడానికీ ఆ బరువు అక్కరకొస్తుంది. సీసం ముక్క వాడటం అలవాటున్నవాళ్లు మానుకోండి. సీసం విషం. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, తెగి నీళ్లలో పడితే అక్కడే ఉండిపోతుంది. నట్టు ఉండగా ఆ గొడవ ఎందుకు?

నట్టు కట్టాక మునిగిపోతోందంటే రబ్బరు చాలలేదన్నమాట. పొట్ట కింద ఇంకో పలచటి ముక్క అంటించండి. జీలుగు బెండు అయినా ఫరవాలేదు గానీ, కొర్రమేను పళ్లకు బెండు రెండు కొట్లకు పిండి అవుతుంది.

రెండు గెంతులు, ఒక ఆగుడు

దీనికి మిషను గాలమే కావాలని లేదు. కుంట ఒడ్డున ఆకుల మధ్య అక్కడక్కడా పళ్లెమంత, చాటంత ఖాళీ నీళ్లు కనిపిస్తాయి. అలాంటి చోటికి పన్నెండు అడుగుల వెదురు గడే మేలు. గడకు సమానమైన పొడవున మందపాటి నైలాన్ తాడు కట్టి, కప్పను ఆ ఖాళీలో దించి, తట్టి, లేపి, పక్క ఖాళీలో దించాలి. కాస్త దూరం కావాలంటే లీటరు నీళ్ల సీసాకు ముప్ఫై నలభై గజాల తాడు చుట్టుకుని చేత్తో విసరవచ్చు. తాడు అర మిల్లీమీటరు మందానికి తగ్గొద్దు. కొర్రమేను గుచ్చుకోగానే తుంగలోకి దూరి చుట్టేసుకుంటుంది. సన్న తాడైతే అక్కడితో సరి.

ముడి కూడా ముఖ్యమే. కన్నంలోంచి తాడు దూర్చి, ఆ కొసను తాడు చుట్టూనే ఆరు మెలికలు తిప్పి, కన్నం దగ్గర మిగిలిన చిన్న సందులోంచి వెనక్కి దూర్చండి. ఉమ్మితో తడిపి మెల్లగా బిగించండి. పొడిగా లాగితే వేడికి నైలాన్ దెబ్బతిని తర్వాత తెగుతుంది.

వేళ తెల్లవారుజాము, లేదా పొద్దు వాలాక. కొర్రమేను నీళ్లలోనే ఉన్నా గాలి పీల్చకుండా బతకలేదు. కొంతసేపటికొకసారి పైకొచ్చి గుటక వేసి పోతుంది. ఆ బుడగ, ఆ సుడి కనిపించిన చోటును గుర్తు పెట్టుకోండి. కప్పను సరిగ్గా దాని నెత్తిన వేయొద్దు, బెదిరిపోతుంది. నాలుగడుగులు అవతల వేసి, ఆ చోటు మీదుగా లాగండి. వీలైతే ఆకు మీద పడేలా వేసి, ఆకు మీంచి నీళ్లలోకి జార్చండి. తర్వాత రెండు చిన్న గెంతులు, ఒక ఆగుడు. మళ్లీ రెండు గెంతులు, ఆగుడు. ఆగుడు లేకుండా గబగబా లాగేవాళ్లకు చేప పడదు. కప్పను కప్పలా నడిపించాలంటే మనకూ కాస్త సోమరితనం రావాలి.

ఇక అసలు ఘడియ. నీళ్లు ఒక్కసారి బద్దలైనట్టు చప్పుడవుతుంది. గుండె గుభేలుమంటుంది. చెయ్యి తనంతట తానే లాగేస్తుంది. లాగకండి! చప్పుడుకే లాగితే చేప నోరు ఇంకా మూసి ఉండదు. కప్ప ఎగిరి మీ మొహం మీదికే వస్తుంది. ఒకసారి నా కనుబొమ్మ చీరుకుంది. అంగుళం కిందైతే కన్నే పోయేది. మనసులో ఒకటి, రెండు అనుకోండి. తాడు బిగిసి పక్కకు జరుగుతున్నట్టు తెలిశాక అప్పుడు గట్టిగా, ఒకే ఊపున లాగండి. తర్వాత సడలించొద్దు. ఆకుల్లోకి పోనివ్వకుండా ఒడ్డుకు తెచ్చేయాలి.

విసిరేముందు వెనక ఎవరున్నారో చూసుకోవాలి. పిల్లలు సరిగ్గా వెనకే నిలబడతారు. ముల్లు కిందుండే ఎదురుముల్లును పటకారతో నొక్కి అణిచేస్తే, పొరపాటున చేతికి గుచ్చుకున్నా వెనక్కి వస్తుంది. తాడు సడలనివ్వనంతవరకు చేప కూడా జారదు. అణచని ముల్లు లోతుగా దిగితే ఇంట్లో పీకే ప్రయత్నాలు చేయక ఆసుపత్రికి వెళ్లి తీయించుకుని ధనుర్వాతం సూది వేయించుకోండి. తుంగలో కాలు పెట్టేముందు కర్రతో తట్టండి, పాములు ఉంటాయి. గడ ఎత్తేముందు పైకి చూడండి. తడి వెదురుకు కరెంటు తీగ తగిలితే ప్రాణానికే ముప్పు.

కుంట రైతుకు ఎంతవరకు?

పొలంలో నీటి కుంట తవ్వుకుని నాలుగు బొచ్చె, శీలావతి పిల్లలు వదిలే చిన్న రైతుకు ఈ కప్పతో పని ఉంది. వానకు కాలువ నీటితో పాటు కొర్రమేను కుంటలోకి వస్తుంది. తడి నేల మీద పాకి కూడా వస్తుంది. కుంట ఎండినా బురదలో దాక్కుని బతుకుతుంది. వేలెడు పిల్లలు వదిలిన కుంటలో అలాంటివి నాలుగుంటే చాలు, ఏడాది చివర వల లాగినప్పుడు మీకు లెక్క తేలదు. పిల్లలు చచ్చిపోయాయేమో అనుకుంటారు గానీ, మింగింది ఎవరో తెలియదు.

వీటిని వదిలించుకోవడానికి శాస్త్రీయంగా చెప్పే పద్ధతి కుంటను పూర్తిగా ఎండగట్టడం, లేదంటే పిల్లలు వదలడానికి మూడు వారాల ముందు ఇప్పచెక్క వేయడం. హెక్టారు విస్తీర్ణం, మీటరు లోతు నీటికి 2500 కిలోల ఇప్పచెక్క కావాలి. ఆ లెక్కన పది సెంట్ల కుంటలో మీటరు లోతు నీరుంటే 100 కిలోలు. అంత చెక్క కొనాలన్నా, మోయించాలన్నా చిన్న రైతుకు బరువే. ఆ బరువు చూసి కొందరు పురుగుమందు డబ్బా పట్టుకుంటారు. ఒకప్పుడు ఎండోసల్ఫాన్ పోసినవాళ్లూ ఉన్నారు. ఆ మందు తయారీ, అమ్మకాల్ని 2011లో సుప్రీంకోర్టు దేశమంతటా ఆపేసింది. ఇప్పుడు మరో మందు డబ్బా అందుబాటులో ఉంటుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ పని చేయకండి. ఆ నీళ్లు పశువు తాగుతుంది, ఆ చేపను మనిషి తింటాడు.

బొమ్మ కప్ప ఇప్పచెక్కకు పూర్తి బదులు కాదు. ఉన్న కొర్రమేనులన్నీ గాలానికి పడవు. కానీ పెద్దవి, ఆకలిగొన్నవి ముందు పడతాయి. మీ పిల్లల్ని ఎక్కువగా మింగేవీ అవే. పిల్లలు వదలడానికి ముందు పది పదిహేను రోజులు రోజూ పొద్దున్నే గంటసేపు కుంట చుట్టూ తిరిగితే నష్టం తగ్గుతుంది. పట్టిన చేప ఇంట్లోకి కూరవుతుంది, లేదా చేతిలో డబ్బవుతుంది. కుంటలోకి నీళ్లు వచ్చే తూముకు సన్నకన్నుల వల కట్టడం మాత్రం మరిచిపోవద్దు. అది కట్టకపోతే ఇటు పడుతుంటే అటు వస్తూనే ఉంటాయి.

సొంత కుంట మాట వేరు. ఊరి చెరువు మాట వేరు. చెరువు మీద చేపల హక్కు సాధారణంగా మత్స్య సహకార సంఘానిదో, పాట పాడుకున్నవాళ్లదో అయి ఉంటుంది. వాళ్లను అడక్కుండా గాలం వేయొద్దు. సరదాకి పోయి తగవు తెచ్చుకోవడమెందుకు?

ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే...

వానలు మొదలయ్యాక చెరువులో ఒకచోట నీళ్లు సన్నగా ఉడికినట్టు కనిపిస్తాయి. దగ్గరికెళ్లి చూస్తే ఎర్రటి చిన్న చిన్న పిల్లలు వందల్లో గుంపుగా పైకీ కిందికీ ఆడుతుంటాయి. అవి కొర్రమేను పిల్లలు. వాటి కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. పిల్లలు కాస్త ఎదిగేదాకా కొన్ని వారాలు వాటిని వదిలిపోవు.

ఆ గుంపు మధ్య బొమ్మ కప్పను వేస్తే పెద్ద చేప తప్పకుండా కొడుతుంది. ఆకలికి కాదు, పిల్లల దగ్గరికి వచ్చిందన్న కోపానికి. ఇది తెలిసిన వేటగాళ్లు ఆ గుంపుల కోసమే వెతుకుతారు. సులువైన వేట మరి. కానీ పెద్దది పోయిన గంటలోనే జల్లలు, మట్టగిడసలు, పరకలు ఆ పిల్లల మీద పడతాయి. ఒక చేప కోసం వందల చేపలు పోతాయి. కప్పను కాపాడటానికి బొమ్మ చేసుకుని, ఆ బొమ్మతోనే కొర్రమేను సంతతిని తుడిచేస్తే మనం చేసిన పనికి అర్థమేముంది? చెరువులో అయితే ఆ చోటు వదిలేసి పక్కకు పోండి. అదే గుంపు మీ బొచ్చె కుంటలో కనిపిస్తే మాత్రం దోమతెర గుడ్డతో పిల్లల్ని మొత్తం ఎత్తేయండి. పెంచుకునేవాళ్లు ఉంటే ఇవ్వండి, లేదా సంఘం వాళ్లతో మాట్లాడి చెరువులో వదలండి. తర్వాతే పెద్దవాటి సంగతి చూడండి.

ఉప్పుటేరు వైపు రైతులకు

కృష్ణా, గోదావరి నదులు సముద్రంలో కలిసే చోట్ల, ఉప్పుటేరు పొడవునా ఉండేవాళ్లకు పండుగప్ప తెలుసు. ఇంగ్లీషువాళ్లు దీన్నీ బాస్ అనే పిలుస్తారు, ఆసియా సముద్రపు బాస్ అని. పేరు చివర కప్ప ఉన్నట్టు వినిపించినా దీనికి చిన్న చేపలు, రొయ్యలంటేనే మోజు. కాబట్టి కప్ప బొమ్మ బదులు చెంచా ఎర చేసుకోండి. పాత స్టీలు చెంచాకు కాడ కోసేసి, గుంట భాగానికి ఆ కొసా ఈ కొసా రెండు కన్నాలు వేయండి. ఒక కన్నానికి ఇనుప రింగుతో గాలం, రెండో కన్నానికి తాడు. తాడు మెలి పడకుండా మధ్యలో తిరిగే ఇత్తడి బుడిపె ఒకటి పెట్టాలి, షాపుల్లో స్వివెల్ అని అడిగితే ఇస్తారు. కోసిన అంచుల్ని ఆకురాయితో రుద్దాలి, లేకపోతే మీ వేళ్లే తెగుతాయి. లాగుతుంటే చెంచా అటూ ఇటూ ఊగుతూ తళుక్కుమంటుంది. పారిపోయే చిన్న చేప పొట్ట మెరిసినట్టే ఉంటుంది.

పోటు తీసి ఆటు మొదలైనప్పుడు తూముల దగ్గర, కాలువ మొగల్లో నీటితో పాటు చిన్న చేపలు కొట్టుకొస్తాయి. పండుగప్ప అక్కడ కాపు కాస్తుంది. దీని మొప్ప రేకు అంచు కత్తిలా ఉంటుంది. తాడును కోసేస్తుంది, చేతిని కూడా. గాలం దగ్గర మూరెడు పొడవున రెట్టింపు మందం తాడు కట్టండి. పట్టాక మొప్పలో వేళ్లు దూర్చొద్దు.

పట్టాక

కొర్రమేనును బతికుండగా అమ్మాలంటే బక్కెట్టు నిండా నీళ్లు పోసి మూత బిగించడం తప్పు. పైకొచ్చి గాలి పీల్చే చోటు లేక నీళ్లలోనే చస్తుంది. ఒళ్లు మునిగేన్ని నీళ్లు పోసి, పైన ఖాళీ ఉంచి, వల గుడ్డ కట్టండి. గుడ్డ కట్టకపోతే ఎగిరి దూకేస్తుంది. దగ్గరి సంతకైతే తడిపిన గోనెసంచిలో చుట్టి తీసుకెళ్లినా బతికే ఉంటుంది. దారిలో నీళ్లు చల్లుతూ ఉండాలి.

ఇంటికి బయల్దేరేముందు కప్పల్ని లెక్కపెట్టుకోండి. తెగి ఆకుల్లో చిక్కుకున్నది ఉంటే గడతో లాగి తీయండి. మా పక్క పొలంలో ఒకసారి ఎవరో వదిలేసిన గాలం గేదె గిట్ట సందులో దిగి వారం రోజులు అది కుంటింది. మనం కూడా ఉత్త కాళ్లతో దిగేవాళ్లమే. కప్పను ఎండలో పడేయకుండా మంచినీళ్లతో కడిగి, గాలానికి చుక్క కొబ్బరినూనె రాసి, నీడన వేలాడదీస్తే సీజనంతా వస్తుంది. కాళ్ల పోగులు ఊడితే మళ్లీ గుచ్చుకోవడమే. మిగిలిన చెప్పు ముక్కను పారేయకండి. మడమ అరిగిపోయినా ముందు భాగంలోంచి నాలుగు కప్పలు వస్తాయి.